పుట్టని మనుమడికి పంచిన చాయ్

“అన్నా, నిజం చెప్పు. గా సింహాసనం నువ్వే అమ్ముకున్నవా?”

రాజకుమారి ఆ మాట అడిగేసరికి సామ్యేలు చేతిలోని బిస్కెట్టు చాయ్‌లో మునిగి విరిగిపోయింది. ఆదివారం ఆరాధన ముగించుకుని అప్పుడే ఇల్లు చేరాడు. ఒంటి మీది తెల్లచొక్కా ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. మొహమే నలిగిపోయి ఉంది.

“నేనా? నేను అమ్ముడా?”

వంటింట్లోంచి ఆయన భార్య సుసన్నా జవాబిచ్చింది. “నన్నన్న అమ్ముతడేమో గని గా సింహాసనం అమ్మడు రాజమ్మా! పెండ్లినాడు నా మొఖం గూడ గంతసేపు చూడలే.”

రాజకుమారి నవ్వాపుకుంది. చిట్టీ ఎత్తుకుని ఊరొదిలి పారిపోయినవాళ్లను వెతికి పట్టుకునే పని పదేళ్లు చేసిందామె. ఇప్పుడు గోదావరిఖని లక్ష్మీనగర్‌లో జిరాక్సు షాపు పైన సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. వచ్చే కేసుల్లో ముప్పాతిక పెళ్లికొడుకుల గురించిన ఆరాలే. పోయిన సింహాసనాన్ని వెతికిపెట్టమని ఒకరు రావడం మాత్రం ఇదే మొదలు. పైగా ఆ సింహాసనం మీద ఎవరూ కూర్చోలేరు. అది ఫోన్లో ఉంటుంది.

ఆ ఆట పేరు రాజ్యరణం. ఎవరి రాజ్యం వాళ్లు కట్టుకోవాలి, దండు కట్టి పక్క రాజ్యాల మీద యుద్ధానికి పోవాలి. సామ్యేలుకు యాభై దాటాయి. బొగ్గుబాయిలో కప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. చర్చిలో సంఘ పెద్ద. ఆటలో మాత్రం ఆయన పేరు ‘నల్లబంగారం’. మొహమైనా చూడని పిల్లలు ఎక్కడెక్కడి నుంచో ఆయన దండులో చేరి, ఆయన గెలువమన్న ప్రతి కోటనూ గెలిచారు. అట్లా అయిదేళ్లు ఆడి సంపాదించినవి ఏనుగుదంతాల సింహాసనం, అగ్నికవచం. అలాంటి సరుకున్న ఖాతాలను కొనేవాళ్లు, అమ్మేవాళ్లు చాటుగా ఉంటారు. మంచి ఖాతా చేతులు మారితే కొత్త బైకు కొనుక్కోవచ్చు.

బేస్తవారం మొదటి షిఫ్టు చేసి పైకొచ్చేసరికి ఖాతా తెరుచుకోలేదు. ఆట కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. మర్నాడే కరీంనగర్ నుంచి వీరేందర్ అనే డిటెక్టివ్ నోటీసు పంపాడు. ‘మీరు ఖాతాను నా క్లయింటుకు అమ్మి, నగదు చేతిలో పుచ్చుకుని, ఇప్పుడు దొంగతనమని నాటకమాడుతున్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే పోలీసు కేసు పెడతాం’ అని దాని సారాంశం. ఆ వార్త ఎవరు చేరవేశారో గాని, దండు పిల్లలు గ్రూపులో ఆయన్ని దొంగ అనడం మొదలుపెట్టారు.

“ఖాతా పోతె పోయింది మేడం,” అన్నాడు సామ్యేలు. “గా పోరగాండ్లు నన్ను దొంగంటున్నరు. రేపు బాయి మీద తెలుస్తది, చర్చిల తెలుస్తది. అప్పుడు నేనేం మొఖం పెట్టుకోని వాక్యం చదవాలె?”

“గందుకే అడుగుతున్న. మంచిగ యాది చేస్కోని చెప్పు. గా దినం ఫోన్ ఎక్కడ పెట్టి బాయి దిగినవ్?”

“ఎప్పటి లెక్కనే, గేటు ముంగట సారక్క హోటల్ల. బాయిల గ్యాసుంటదని లోపలికి ఫోన్ తీస్కపోనియ్యరు గద. అందరం ఆడనే పెడ్తం.”

“పైకొచ్చినంక ఫోన్ల ఏమన్న తేడా కనవడ్డదా?”

సామ్యేలు తల గోక్కున్నాడు. “తేడా అంటే... మంచిదే అయ్యింది. పొద్దుగాల ఫోన్ సచ్చి ఉండె. రాత్రి ఆడుకుంట ఆడుకుంట చార్జింగు పెట్టుడు మర్చిన. పైకొచ్చి చూస్తే నిండ ఉన్నది.”

రాజకుమారి తాగుతున్న చాయ్ ఆపింది. “ఉన్నది ఎత్తుకపొయ్యే దొంగలను మస్తుమందిని చూసిన. లేనిది నింపి పొయ్యే దొంగను ఇప్పుడే చూస్తున్న. ఎవరు పెట్టిన్రు?”

“సారక్కనే పెట్టి ఉంటది. అడుగుదమంటే గామె నాతోని మాట్లాడుతలేదు.”

“ఎప్పటి సంది?”

“బేస్తవారం మర్నాటి సంది. చాయ్ గ్లాసు ముంగట ధన్‌మని పెడ్తది, మొఖం తిప్పుకుంటది. నేనేం తప్పు జేసిననో ఏసుప్రభువుకే ఎరుక.”

రాజకుమారి గ్లాసు కింద పెట్టి స్కూటీ తాళం అందుకుంది. “లే అన్నా, పోదాం. ఒక్క షరతు. నేను మాట్లాడుమన్నదాక నువ్వు నోరు తెరవొద్దు. ఎవరేమన్నా సరే.”

“గదొక్కటి అయ్యేదేనా?” అని వంటింట్లోంచి సుసన్నా అనుమానపడింది.

*

బాయి గేటుకు ఎదురుగా రేకుల కప్పు హోటల్. ఆదివారం కావడంతో బల్లలన్నీ ఖాళీ. సారక్క పొయ్యి దగ్గర పాలు పొంగకుండా కాపలా కాస్తోంది. సామ్యేలును చూడగానే మొహం గోడవైపు తిప్పేసింది. రాజకుమారికి నవ్వుతూ గ్లాసు అందించి, ఆయన ముందు మాత్రం చాయ్ తొణికేలా పెట్టింది.

రాజకుమారి చాయ్ ముట్టలేదు. ముందు గోడ చూసింది. పాత దుప్పటికి వరసగా జేబులు కుట్టి గోడకు వేలాడదీశారు. ఒక్కో జేబు మీద ఒక్కో గుర్తు: పువ్వు, గొడుగు, చేప. సామ్యేలుది శిలువ గుర్తున్న జేబు. ఆ గోడ మీద ఎక్కడా ప్లగ్గు లేదు. హోటలంతటికీ ఉన్నది ఒక్కటే స్విచ్‌బోర్డు, గల్లాపెట్టె వెనకాల. దానికి వేలాడుతున్న చార్జర్ వైరు మూరెడు. ఫోన్ పెడితే చక్కెర డబ్బా మీద పెట్టాల్సిందే. చక్కెర డబ్బా సారక్క కుడిచేతి కింద ఉంది.

“సారక్కా, నీ చక్కెర డబ్బా మీద ఫోను ఉంటే, నీకు ఎరుకలేకుంట ఎవడన్న ముట్టుకోగలడా?”

“ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త బిడ్డా. గిది నా జాగ.”

“మరి బేస్తవారం సామ్యేలన్న ఫోను చార్జింగు పెట్టింది నువ్వేనన్నట్టు.”

పాలు పొంగాయి. సారక్క వాటిని చూడనే లేదు. రాజకుమారే చెయ్యి చాపి మంట తగ్గించింది.

“పెట్టినా... తప్పా?”

“తప్పని నేననలే. తప్పు జేసినోళ్లు భయపడ్తరు. నువ్వు అన్న మీద కోపంల ఉన్నవ్. ఎందుకో చెప్పు.”

ఆ మాటతో సారక్క కట్ట తెగింది. “ఎందుకంటవా? బిడ్డ పెండ్లికైతే పిలువనే లేదు, మనుమడు పుట్టిండని గూడ ఒక్క లడ్డన్న పెట్టిండా గీ పెద్దమనిషి? అల్లుడు నాకు ఫోన్ జేసి చెప్పిండు, నేను సంబురంతోని, ఎందుకో చెప్పకుంట, షిఫ్టోళ్లందరికి పైసల్లేకుంట ఊకెనే చాయ్ పోసిన! తాతకు మాత్రం నోట్లెకెల్లి మాట రాలే!”

మాట్లాడొద్దన్న షరతు సామ్యేలుకు గుర్తుంది. కాని ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది. “మనుమడా? సారక్కా, నా డెబోరాకు ఇంక పెండ్లే కాలే!”

రాజకుమారికి నవ్వాగలేదు. ఆమె నవ్వుతుంటే సామ్యేలు నవ్వాడు. సారక్క ఒక్కతే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది.

“అక్కా, గా అల్లుడు ఏమన్నడో మాటకు మాట చెప్పు,” అంది రాజకుమారి కళ్లు తుడుచుకుంటూ.

సారక్క తడబడుతూ చెప్పింది. హోటల్ బోర్డు మీది నంబరుకు ఫోన్ వచ్చింది. ‘నేను సామ్యేలు అల్లుణ్ణి. కొడుకు పుట్టిండు. దవాఖానల పేరెక్కియ్యాలంటే మామ ఫోన్‌కు ఒక నెంబరొస్తదట, ఆయన ఫోనేమో బందున్నది. జర పుణ్యం కట్టుకో అక్కా, చార్జింగు పెట్టి గా నెంబరు సదివి చెప్పు. మామకు మాత్రం చెప్పకు, సాయంత్రం నేనే వచ్చి మిఠాయి తినిపిచ్చి చెప్త’ అన్నాడు. ఆమె ఫోన్ చార్జింగ్ పెట్టింది. తాళం తియ్యకుండానే తెర మీద అంకెలు మెరిశాయి. చదివి వినిపించింది.

అవే ఖాతా తాళంచెవులు. ఆ అంకెలతోనే ఖాతా పాస్‌వర్డు మారిపోయింది. ఫోన్ చేసిన నంబరును రాజకుమారి సారక్క ఫోన్లో వెతికి పట్టి మళ్లీ కొట్టింది. స్విచ్ఛాఫ్.

“గొంతు యాదికున్నదా అక్కా?”

“ఉండదా? మనుమడు పుట్టిన ముచ్చట చెప్పిన గొంతాయె,” అంటూనే సారక్కకు ఏడుపొచ్చింది.

బయట కారాగింది.

రాజకుమారి సామ్యేలుకు సైగ చేసింది. ఆయన పొయ్యి పక్క మూలబల్ల మీదికి జరిగి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. లోపలికొచ్చినవాడికి ముప్పై ఏళ్లుంటాయి. నల్ల కళ్లద్దాలు, టక్కు చేసిన చొక్కా, చంకలో ఫైలు.

“రాజకుమారి మేడం! మీరు ఇక్కడే ఉంటారనుకున్నా. నేను వీరేందర్.”

“రా తమ్మీ, కూసో. చాయ్ తాగుతవా?”

“తమ్మీ అనొద్దు. మనం వృత్తిలో ఉన్నాం.”

“సరే సార్. నేనీడున్ననని మీకెవరు చెప్పిన్రు?”

“నా క్లయింటే. మీ కోసమే గోదావరిఖని వచ్చి ఉంటే, పావుగంట కింద ఫోన్ చేసి చెప్పాడు. ఆయనకు అన్నీ తెలుస్తాయి,” అంటూ వీరేందర్ ఫైలు బల్ల మీద పరిచాడు. సామ్యేలు పేరుతో బేరం సాగిన చాటింగు, ఒప్పుకున్న మాట, బేస్తవారం పదిన్నరకు ఖాతా అప్పగించినట్టు రుజువు. అన్నీ రంగుల కాగితాల మీద అచ్చయి ఉన్నాయి.

“పదిన్నరకు సామ్యేలు బాయిల ఉన్నడు సార్. మస్టర్ల హాజరు పడ్డది. ఫోనేమో గీ గోడ మీద ఉన్నది. భూమి లోపలున్న మనిషి భూమి మీదున్న ఫోన్ల అంకెలు ఎట్ల చదువుతడు?”

వీరేందర్ తడుముకోలేదు. “పైన ఇంకొకరితో చదివించాడు. హోటలామెతోనే. ముందే మాట్లాడుకుని చేయించాడు. రుజువు ఎవరిమీదికి పోకుండా భలే ఎత్తు వేశాడు మీ క్లయింటు.”

ఆ మాటలో పస ఉందని రాజకుమారికి తెలుసు. వీరేందర్ అంతటితో ఆగక గొంతు పెంచాడు. “మీకు తెల్వదు మేడం, ఆయన ఎంతమందిని ముంచిండో! నమ్మిన పోరగాండ్లు, అన్నా అన్నా అని వెంట తిరిగినోళ్లు, రాత్రిళ్లు నిద్ర మానుకోని ఆయన కోట కాపాడినోళ్లు! పైసలకు ఆశపడి అందర్ని వదిలేసి పోయిండు!”

పుస్తకాల తెలుగు కాస్తా కోపానికి సొంత ఊరి తెలుగయిపోయింది. రాజకుమారి అతని మొహంలోకి పరీక్షగా చూసింది. ఫీజు తీసుకుని తెచ్చుకునే కోపం కాదిది. ఈ కుర్రవాడికెక్కడో నిజంగా నొప్పి తగిలింది.

“సార్, ఒక్క పని చెయ్యుండ్రి. సామ్యేలు పైసలు చేతిల తీస్కున్నడని మీ క్లయింటు అంటున్నడు గద. ఎక్కడ ఇచ్చిండో, ఎట్లున్నడో గా ముచ్చట ఆయన నోటితోనే చెప్పియ్యుండ్రి. తప్పు మాదని తేలితే, ఫిర్యాదు నేనే వెనుకకు తీయిస్త.”

వీరేందర్ గెలిచిన చిరునవ్వుతో ఫోన్ తీశాడు. నంబరు కొట్టి, స్పీకర్ పెట్టి, తెర పైకుండేలా బల్ల మీద పడుకోబెట్టాడు.

“శివగారూ, డిటెక్టివ్ మేడం మీతో మాట్లాడుతరట.”

“నమస్తే మేడం,” అంది ఫోన్లోంచి ఒక మెత్తటి గొంతు. “నేను న్యాయంగ కొనుక్కున్న. బస్టాండ్ కాడ ఆయన చేతుల్నే పైసలు పెట్టిన. బక్కగ, పొడుగ్గ ఉన్నడు మనిషి.”

మూలబల్ల మీద లావుగా, పొట్టిగా కూర్చున్న సామ్యేలు వీపును రాజకుమారి చూసింది. రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి పీపీమని హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ మోత హోటల్లోనూ, ఫోన్లోనూ నిండిపోయి శివ మాటలు కొన్ని వినపడలేదు.

మోత తగ్గాక గొంతు మళ్లీ వినిపించింది. “నాకు కొట్లాటలు వద్దు మేడం. జర పుణ్యం కట్టుకోండ్రి, ఆయన్ని ఫిర్యాదు వాపసు తీస్కొమ్మని చెప్పుండ్రి.”

పొయ్యి దగ్గర గంటె కిందపడింది.

“గీ గొంతే!” సారక్క కేక హోటల్ రేకులదాకా లేచింది. “గీ గొంతే బిడ్డా! మనుమడు పుట్టిండన్నది వీడే! పుణ్యం కట్టుకోమన్నది వీడే!”

సామ్యేలు ఒక్క ఉదుటున లేచాడు. మోచెయ్యి తగిలి గ్లాసు బోర్లాపడింది. చాయ్ అంతా తెల్లచొక్కా మీద పొడుగ్గా పారింది. ఫోన్లో లైను తెగిపోయింది.

“గదీ ఎత్తు,” అంది రాజకుమారి నెమ్మదిగా. “దొంగతనం పోయిన ఖాతా అయితే ఆట కంపెనీ సొంతదారుకే వాపస్ ఇస్తది. అమ్ముకున్నడని రుజువు చూపిస్తే ఇయ్యదు. గందుకే వీడు దొంగిలించి, తనకు తనే అమ్ముకున్నట్టు కాగితాలు పుట్టిచ్చిండు. వాటికి గట్టి సాక్షి కావాలె. గా సాక్షివి నువ్వు తమ్మీ.”

ఈసారి వీరేందర్ తమ్మీ అనొద్దని అనలేదు. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

సారక్క గల్లాపెట్టె వెనక కూలబడి ఏడుస్తోంది. “నా నోటితోనే సదివి చెప్పిన. నా చేతుల్తోనే నీ ఇల్లు కూలగొట్టిన సామ్యేలూ!”

సామ్యేలు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. “ఏడ్వకు సారక్కా. ఏం కాదు. రూఫు నేను పట్టుకుంట.”

ఆ మాట వినగానే వీరేందర్ కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి నిలబడ్డాడు. ఇంతసేపూ గోడవైపు తిరిగి కూర్చున్న ఆ లావుపాటి మనిషిని అతను ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. కాని ఆటలో ఆ గొంతును రెండేళ్లుగా చెవుల్లో పెట్టుకుని వింటున్నాడు. శత్రువులు చుట్టుముట్టినప్పుడల్లా, దండంతా బెదిరిపోయినప్పుడల్లా ఆ గొంతు అనే మాట ఒక్కటే. ‘రూఫు నేను పట్టుకుంట, మీరు ముంగటికి నడువుండ్రి.’

“లీడర్...?”

సామ్యేలు తలెత్తాడు. ఆ ఒక్క పిలుపుతో ఆయన మొహం వెలిగింది. “గరుడా? నువ్వు మా దండుల గరుడవేనా? నీ గొంతు గింత పెద్దగున్నదేందిరా? ఆటల పిల్లిపిల్ల లెక్క మాట్లాడుతవ్!”

“పక్కరూముల అమ్మ పడుకోని ఉంటది లీడర్,” అన్నాడు కరీంనగర్ డిటెక్టివ్, చెవులు ఎర్రబడుతుండగా. “నువ్వు మమ్మల్ని అమ్ముకోని పోయినవని... గా కోపంతోనే ఈ కేసు పట్టిన.”

“పట్టు, పట్టు. దొంగను పట్టుడు ఇడిసిపెట్టి నన్ను పడ్తివి.”

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఊపుకుంటుంటే సారక్క ఏడుపు మరిచి చూస్తూ ఉండిపోయింది. రాజకుమారి చల్లారిన చాయ్‌ని అప్పుడు అందుకుంది. ఇక మిగిలిందల్లా వీరేందర్ సాక్ష్యంతో ఖాతా వెనక్కి రప్పించడమే అనుకుంది. దొంగెవరో తీరిగ్గా వెతకొచ్చు.

బల్ల మీది ఫోన్ గుర్రుమంది. తెర వెలిగింది. శివ పంపిన సందేశం. వీరేందర్ వంగి చదివాడు. పెదవుల మీది నవ్వు అట్లాగే గడ్డకట్టింది.

‘లీడర్ తెల్లచొక్కా ఖరాబయింది పాపం. సర్ఫుల నానబెట్టుమను.’

“నా ఫోన్ల ఏదో ఎక్కిచ్చిండు మేడం,” అని వీరేందర్ గుసగుసలాడాడు. “కెమెరాలకెల్లి చూస్తుండు.” ఫోన్ మీద రుమాలు కప్పబోయాడు.

రాజకుమారి అతని చెయ్యి ఆపింది. ఫోన్ వెల్లకిలా పడుకుని ఉంది. వెనక కెమెరాకు కనపడేది బల్ల చెక్క. ముందు కెమెరాకు కనపడేది రేకుల కప్పు. లైను తెగిన దగ్గర్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మరి చొక్కా మీద చాయ్ ఒలికిన సంగతి ఏ కన్నుకు కనపడింది?

లారీ హారన్! అది రోడ్డు మీద మోగినప్పుడే ఫోన్లోనూ మోగింది. ఇదే రోడ్డు మీద నిలబడ్డవాడి ఫోన్లో మాత్రమే అట్లా మోగుతుంది. తను ఈ హోటల్లో ఉన్నానని పావుగంట ముందే చెప్పగలిగినవాడు కూడా వాడే. రోడ్డవతల ముప్పై అడుగుల దూరంలో బండ్ల స్టాండు నీడలో వాడు నిలబడి ఉండడం ఆమె ఓరకంట కనిపెట్టింది. దొరికిపోయానని తెలిసి కూడా పోకుండా, ఆట మరిగినవాడు కనక ఇంకా చూస్తున్నాడు.

ఆమె తల తిప్పలేదు. గ్లాసు పెదవుల దగ్గరే ఉంచుకుని, చాయ్ ఊదుతున్నట్టుగా మాట్లాడింది.

“నవ్వుండ్రి.”

“ఏంది మేడం?”

“అందరు నవ్వుండ్రి. సారక్కా, నువ్వు గూడ. ఎవ్వరు రోడ్డుదిక్కు చూడొద్దు. వాడు మన ముంగటనే ఉన్నడు.”

ముందు సామ్యేలు నవ్వాడు, బొగ్గుబాయి ప్రతిధ్వనించే నవ్వు. దాని వెనకే వీరేందర్ పిల్లిపిల్ల నవ్వు, సారక్క వెక్కిళ్ల నవ్వు. రేకుల కప్పు అదిరిపోయింది. ఆ నవ్వుల చాటున రాజకుమారి బల్ల కింద చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి నడుంలో దోపుకుంది.